మాదీఫలపు రంగు కొసలు

కార్తికము కడచి మార్గశిరము చొచ్చెను. వానకాలమంతయు నీలిరేవు పట్టణమందలి గుంటమగ్గముల గోతులలో ఊఱుచుండిన నీరు ఎట్టకేలకు ఇంకి మన్ను గట్టిపడి నేతవారు కాళ్ళు జాఱవిడిచి కూర్చుండుటకు తగిన పొడితనము వచ్చినది. మబ్బువిడిచిన యాకాశము గంజివెట్టి యాఱవేసిన వెల్లవస్త్రమువలె నిగనిగలాడుచుండెను. వేకువమంచు విడకమునుపే వీథుల పొడవున సాగదీసిన పడుగులపై స్త్రీలు కుంచెలు నడపుచుండిరి. ఇండ్లలోనుండి వినవచ్చు నాడెల చప్పుడును తీరమునుండి వినవచ్చు తరంగముల చప్పుడును ఒకదానినొకటి ఒరసికొనుచు పట్టణమంతయు ఒక్క పెద్దమగ్గమై నడచుచున్నదా యను భ్రాంతిని కలిగించుచుండెను. అయితే ఆ సముద్రమే తూర్పువీథిని ఏటికేడు కొంచెముకొంచెముగా కొఱికివేయుచుండెను. ఆ వీథివారి గోతులు మాత్రము మార్గశిరమున సైతము ఆఱలేదు. వానిలో ఊఱునది వాననీరు గాక ఉప్పునీరు.

నీలిరేవు నేతకళాసంఘమువారు ప్రతివత్సరము ఈ ఋతువుననే ప్రదర్శనము జరుపుట ఆచారము. నేతచీరలే కాక తుంగచాపలు కొబ్బరిపీచు పట్టాలు అరటినార సంచులు వలలు త్రాళ్ళు మున్నగు పోగుతో నారతో పుట్టిన సకలవస్తువులును సంఘమందిరమునకు వచ్చును. వచ్చినవన్నియు గోడ యెక్కవు. మువ్వురు పరీక్షకులు చూచి వారిలో ఇద్దఱైన మెచ్చినవే యెక్కును. ఎవరి పని మెచ్చబడునో వారికి ఊరి పడమట మెట్టనేలపై సంఘమువారు కట్టించిన నేతశాలయందు తమ మగ్గమును నిలుపుకొను హక్కు కలుగును. పూర్వ మది గౌరవమాత్రమే. తూర్పువీథివారికి ఇప్పుడదియే బ్రతుకు. ఉప్పునీటి గోతిలో కాళ్ళుంచి ఎవరు నేయగలరు?

పరీక్షకు కొన్ని నియమములు కలవు. నేసినవారి పేరు సంఘాధ్యక్షునకు తప్ప ఒరులకు తెలియరాదు. వస్త్రము కడచిన ప్రదర్శనమునకు పిమ్మట నేసినదై యుండవలెను. పాతబట్టను క్రొత్తదని తెచ్చినవారికి సంఘమున మరల చోటులేదు. ఎవరి చేతిపనియో పోల్చుకొనిన పరీక్షకులు ఆ మాట చెప్పి లేచి తెఱచాటునకు పోవలెను. అప్పుడు మిగిలిన ఇద్దఱును మెచ్చవలెను. ఒకరు కాదన్నను ఆ వస్త్రము తిరస్కృతమే. కడపటి నియమము వస్త్రపు మొదటి కొసను కత్తిరింపక యథాతథముగా తెచ్చుట.

ఈ కొసనుగూర్చి కొంత చెప్పవలెను. మగ్గమును ఎన్నడును వట్టిగా విడువరాదని నేతవారి పట్టింపు. ఒక చీర ముగియగానే దానిని కోసి తీసికొని పడుగుపోగులు దూర్చిన దువ్వెనవంటి అచ్చులో నిలిచిన జానెడు దారపుకొసలను అట్లేయుంచి వానికి క్రొత్తపడుగు దారములను ఒక్కొక్కటిగా మెలివెట్టి అతుకుదురు. కావున ప్రతి చీర మొదటను దానికి ముందు ఆ మగ్గముపై పుట్టిన చీర రంగు కొంత వ్రేలాడుచుండును. కొనువారు దానిని కత్తిరించి పాఱవేయుదురు. నేతవారు మాత్రము దానిని చూచి ఏ చీర వెనుక ఏ చీర వచ్చినదో చెప్పగలరు.

ఆ యేటి పరీక్షకులలో మొదటివారు అద్దకపు మస్తానుసాహెబుగారు. రంగుకాగుల ప్రక్కన నెఱసిన వృద్ధులు. రెండవవారు పాఠశాలలో చిత్రలేఖనము నేర్పు భుజంగరావుగారు. మితభాషి, ఒకమాట యన్నచో ఆలోచించి అనువారు. మూడవది మాణిక్యాంబ. శాలలో పడుచులకు జంటనేత నేర్పునది ఆమెయే. ఆమె నాలుక అచ్చుపలకకన్న గట్టిగా కొట్టునని ఆ పడుచులు చాటున చెప్పుకొందురు.

జంటనేత యనగా వెడల్పైన మగ్గముపై ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి పేకపోగు చుట్టిన ఒకే నాడెను అటునిటు అందించుకొనుచు ఎవరి సగమున వారు పువ్వుల పోగులను వ్రేళ్ళతో ఎక్కించుట. ఎడమవైపున కూర్చుండినవారు ఎన్నిపోగులెత్తవలెనో ఎన్నిపోగులు విడువవలెనో పైకి పలుకుదురు. కుడివైపువారు నోరుమెదపక ఆ పలుకును అనుసరింతురు. ఇద్దఱు పలికినచో పువ్వు చెడును. ఇట్లు ఏండ్లతరబడి కూర్చుండినవారిలో ఎడమవారికి మాటయు కుడివారికి మౌనమును స్వభావమై మగ్గము దిగిన పిమ్మటను విడువకుండుట కలదు.

మాణిక్యాంబ కాపురమునకు వచ్చిననాటినుండి ఎడమవైపు మనిషి. ఆమె కుడిప్రక్కన కూర్చుండినది ఆమె తోడికోడలు ఆదెమ్మ. పువ్వుతీగ నేయుచు ఆకుకొసను చేరునప్పటికి ఒక పోగు లోపలికి మలపుట మాణిక్యాంబ చేతివాటము. అందుచేత ఆమె ఆకులన్నియు ప్రక్కవారి మాట వినుటకు తలవంచినట్లు కుడికి వాలియుండును. ఆదెమ్మ ఆకులు నిటారుగా నిలుచును. వారి చీర పఱచిన చోట ఏ సగము ఎవరిదో పట్టణమంతయు ఎఱుగును.

కొంతకాలమునకు అన్నదమ్ములు వేఱుపడిరి. ఇల్లును మగ్గమును తమ్ముడగు ఆదెమ్మ భర్త పాలికి వచ్చినవి. మగ్గము మీపాలికి వచ్చినది గదా, ఇకమీద దానిపై నీ ప్రక్కన ఎవరు కూర్చుందురని పెద్దలు ఆదెమ్మ నడిగిరి. ఆదెమ్మ తలవంచుకొని నిలిచెను. అక్కయే యను ఒక్కమాటకొఱకు మాణిక్యాంబ ఎదురుచూచెను. ఆ మాట రాలేదు. ఆమె లేచి చెంగు దులుపుకొని నడచిపోయెను. ఎడబాటులు కేకలతో జరుగునని లోకము తలచును. ఈ యెడబాటు దండెముపై గుడ్డ జాఱినంత చప్పుడైనను చేయలేదు. పిమ్మట మాణిక్యాంబ భర్త గతించినపుడు ఆదెమ్మ వచ్చి గడపవద్ద నిలిచి ప్రొద్దుగూకువఱకు ఉండి ఏమియు పలుకక పోయెను. దానిని మాణిక్యాంబ గర్వమనుకొనెను. ఆదెమ్మ భర్త గతించినపుడు తాను పోలేదు.

శాలలో మాణిక్యాంబకు వెడల్పుమగ్గ మొకటి ఇచ్చిరి. ప్రక్కకు ఎవరిని పిలుచుకొన్నను ఆమె ఇష్టమే. కాని కుడిప్రక్క ఎవ్వరును నిలువలేదు. ఒకతె ఎదురుపలుకుచున్నదనియు ఒకతె పలుకకమునుపే పోగెత్తుచున్నదనియు ఆమె వారిని లేపివేసెను. తుదకు అంగవస్త్రములు నేసికొనుచు మగ్గములో సగము వట్టిగా ఉంచెను.

పరీక్షదినమున ఉదయము మందిరములో మొదట తుంగచాపలు పఱచిరి. ఏటేట ఒకే చేపబొమ్మతో చాపనల్లి తెచ్చు వృద్ధు డొకడు కలడు. పేరు మఱుగుపఱచినను అతని చేపను ఎఱుగనివారు లేరు. మువ్వురును నవ్వుచు లేచి తెఱచాటునకు పోబోగా అధ్యక్షులు కాశీపతిగారు చేయడ్డము పెట్టిరి.

"చేప ఈ ఏడు బాగా బలిసిందండి. వచ్చే ఏటికి పులుసు పెట్టేసుకోవచ్చు" అని మస్తానుసాహెబు అనెను.

చాపను గోడ కెక్కించిరి. ఒక వలను మెచ్చిరి. రెండు చీరలను త్రోసిపుచ్చిరి. పిమ్మట ఒక పావురాయిమెడవన్నె చీరను బల్లపై పఱచిరి. నీలమునకును బూడిదకును నడుమ వెలుతురు తగిలినచోట ఊదాచాయ మెఱయు ఆ వన్నెపై తెల్లని తీగ పాఱియుండెను. తీగపొడవున ఆకులు. మస్తానుసాహెబు అరచేతితో ఒకమాఱు నిమిరి చాలునన్నట్లు తలయూచెను. భుజంగరావుగారు రెండడుగులు వెనుకకు పోయి తల ప్రక్కకు వాల్చి చూచిరి.

మాణిక్యాంబ మొదట చూచినది ఎడమసగమును. ఆకులన్నియు కుడికి వాలియుండెను. కొసయందు ఒక పోగు లోపలికి మలపబడియుండెను. కుడిసగమున ఆకులు నిటారుగా నిలిచియుండెను. వేఱుపడకమునుపు జంటగా నేసి అమ్మక దాచుకొనిన చీర లొకటి రెండు ఆదెమ్మ పాలికి పోయియుండెను. వానిలో నొకదానిని ఈ మనిషి క్రొత్తదని తెచ్చినది. తనతో కలసి బ్రతికిన దినములను శాలలో చోటునకై బల్లపై పఱచినది. ఇట్లు తలచి మాణిక్యాంబ మఱియొక క్షణము ఆగలేదు.

"ఇది కొత్త బట్ట కాదండి. ఎడమ సగం నేను నేసింది. నా ఆకు నాకు తెలీదా?" అనెను.

కాశీపతిగారి ముఖము వాడిపోయెను. ఆ చీర ఎవరిదో ఎఱిగిన ఆయన వసారాలో కూర్చుండియున్న ఆదెమ్మను లోనికి పిలిపించిరి. ఎండిన పల్చని మనిషి. ఉప్పునీటిలో నానిన పాదములు తెల్లగా పగిలియుండెను. బల్లకు ఆవల వచ్చి నిలిచినది. ఇది పాతదా క్రొత్తదా యని ఆయన మెల్లగా అడిగిరి. ఆదెమ్మ మాణిక్యాంబవైపు ఒక్కమాఱు చూచి తలవంచుకొనెను. ఆయన మరల అడిగిరి. ఆమె పలుకలేదు.

"ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అవుద్దమ్మా. శాలలో చోటు మాట అటుంచు, ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కనివ్వరు నిన్ను" అని కాశీపతిగారు బ్రతిమాలినట్లు చెప్పిరి.

"దానికి నోరెక్కడిదండీ. అప్పుడూ ఇంతే" అని మాణిక్యాంబ అనెను.

మస్తానుసాహెబు మాత్రము ఆ మాటలు వినుచున్నట్లు లేదు. రంగుల మనిషి గావున రంగునే వెదకికొనుచు చీర మొదటి కొసను చేతిలోనికి తీసికొని కిటికీవద్ద వెలుతురున పట్టి చూచుచుండెను. ఆయన బొమలు ముడివడెను.

"అక్కగారూ, ఓసారి ఇలా రండి. ఈ పసుపు గుర్తుందా మీకు? దానిమ్మ బెరడు ఎక్కువ పడిపోయి నా కాగులో ఒక్కసారే తిరిగిందిది. మళ్ళీ ఎంత కాచినా రాలేదు. పాడైపోయిందని నేనేడుస్తుంటే, పారబొయ్యకండి, మాకిచ్చెయ్యండని పట్టుకుపోయింది మీరే."

మాణిక్యాంబ వచ్చి చూచెను. పావురాయిమెడవన్నె పడుగునకు మొదట మెలివెట్టి అతికిన జానెడు కొసలు మాదీఫలపు రంగువి. పచ్చదనము తగిలిన ఆ విచిత్రమైన పసుపుతో తానును ఆదెమ్మయు నేసినది ఒక్క చీర. అదే కడపటిది. పెద్దలు కూర్చుండుటకు ముందుదినమున దానిని మగ్గమునుండి కోసినది తన చేతులే. ఆ పసుపు కొసలు అచ్చులో నిలిచియుండగానే తాను లేచి వచ్చినది. కావున ఈ చీర ఆ చీరకు వెనుకటిది. తాను లేని మగ్గముపై పుట్టినది. అంతియే కాదు. ఆ రెంటినడుమ ఆ మగ్గముపై ఇంకొక చీర పుట్టలేదు. ఇన్నియేండ్లు ఆదెమ్మ ఒరుల ఇండ్లలో కండెలు చుట్టి ఒరుల మగ్గములపై తువాళ్ళు నేసి బ్రతికినదే గాని ఆ కొసలను తెంచలేదు, వానికి మఱియొక పడుగు నతుకలేదు. ఈ యేడు సముద్రము గోతిలోనికి వచ్చునంతవఱకు.

మాణిక్యాంబ కొస విడిచి బల్ల అంచును పట్టుకొనెను.

"నేను తప్పు చెప్పానండి. ఇది కొత్తదే. మా ఇద్దరిదీ కాదు. ఇది ఒక్కతే నేసింది" అనెను.

ఎడమసగము ఎవరు నేసిరని కాశీపతిగారు అడిగిరి. ఆదెమ్మ అప్పుడును పలుకలేదు. ఆ ప్రక్కకును ఆదెమ్మయే జరిగి కూర్చుండియుండునని మాణిక్యాంబయే చెప్పెను. ఒక్కొక్క పేకకు నాడెను విసరి ఎడమకు జరిగి ఆకులెక్కించి మరల కుడికి జరిగి ఆకులెక్కించి నేసియుండవలెను. అట్లు నేయుట ఎంత కష్టమో అచ్చటివారెవ్వరికిని చెప్పనక్కఱలేదు.

అయినను నియమము నియమమే. చేతిని పోల్చుకొనిన పరీక్షకురాలు లేవవలెను. పోల్చుకొనినది తన చేతినా ఒరుల చేతినా యని అడుగువారు లేరు. మాణిక్యాంబ తెఱచాటునకు పోయి నిలిచెను. నోరుమూసికొని యుండినచో తన ఒక్కమాటతో ఆ చీర గోడ యెక్కియుండును. నోరుతెఱచి మొదట దోషమంటగట్టినది, పిమ్మట దానిని కడిగినది, ఈ రెంటిచేతను చీరకు దక్కవలసిన ఒక్క మెప్పును పోగొట్టినది. ఆమె చేతివ్రేళ్ళు తెఱ యంచును మడచుచు విప్పుచుండెను. మస్తానుసాహెబు మెచ్చితిననెను. భుజంగరావుగారు బల్లచుట్టు ఒకమాఱు తిరిగి వచ్చిరి.

"నేత చాలా గొప్పగా ఉంది. అందులో నాకేమీ సందేహం లేదు. కాని మొత్తం చీరగా చూస్తే ఒక పక్క వాలింది, ఒక పక్క నిలిచింది. కంటికి ఒరిగినట్టుంది. కథ విని మెచ్చుకోమంటే మెచ్చుకుంటాను. గుడ్డ చూసి చెప్పమంటే మాత్రం కాదనే చెప్పాలి" అని ఆయన నొచ్చుకొనుచు చెప్పిరి.

ఆ మాటలో దోషము లేదని తెఱవెనుక మాణిక్యాంబకును తెలియును. చీర తిరస్కృతమయ్యెను. వచ్చు ఏటికి తెత్తమన్న అప్పటికది పాతబట్ట యగును. ఆదెమ్మ ముందుకు వచ్చి చీరను నాలుగుమడతలు పెట్టి పసుపు కొసలు నలుగకుండ లోపలికి మడచి చంకనిడుకొని వెడలిపోయెను.

పూర్వము పెద్దలయెదుట లేచిపోయినది మాణిక్యాంబ. ఈమాఱు పోవుచున్నది ఆదెమ్మ. చూచుచు నిలిచినచో రెండవ ఎడబాటు మొదటిదానికన్న సులభముగా జరిగిపోవునని మాణిక్యాంబకు తోచెను. ఆమె కాశీపతిగారితో మిగిలిన వస్త్రములను ఇద్దఱే చూచుకొనుడని చెప్పి చెప్పులైన తొడుగుకొనక బయలుదేఱెను.

తూర్పువీథిలో ఆ ఇంటికి ఆమె వచ్చి ఎన్నియేండ్లైనదో. ముందరి అరుగు లేదు. గోడమొదట ఉప్పు తెల్లగా పేరియుండెను. లోన మగ్గపు గోతిలో మోకాలిలోతు నీరు. దానిపై ఒక పలక అడ్డముగా వేసియుండెను; ఆదెమ్మ దానిపై కూర్చుండి నేసినది కాబోలు. అచ్చులో పావురాయిమెడవన్నె కొసలు వరుసగా వ్రేలాడుచుండెను. ఆదెమ్మ చీరను దండెముపై వేసి వెనుదిరిగి చూచి ఆశ్చర్యపడినట్లు లేక పీట జరిపెను.

మాణిక్యాంబ కూర్చుండలేదు.

"ఎడమవైపు ఆకులు నాలాగ ఎందుకు వంచావే? నిటారుగా నేస్తే ఆయన మెచ్చుకునేవాడు కదా."

"వంచలేదక్కా. నీ పక్క కూచుంటే చెయ్యి అలాగే నడిచింది. నాకు ఇంకోలా రాదు."

"పలుకెవరు పలికారు?"

"నువ్వు పలికినట్టే పలుక్కున్నాను. మళ్ళీ ఇటు జరిగి నోరుమూసుకున్నాను." ఆదెమ్మ చిఱునవ్వు వంటి దేదో నవ్వెను. "ఎవరన్నా చూస్తే పిచ్చిదనుకునేవారు."

మాణిక్యాంబ గోతి అంచునకు పోయి అచ్చులోని కొసలను వ్రేలితో తాకెను. అడుగవలసినది ఇంకొకటి కలదు. ఇన్నియేండ్లు ఆమె దానిని తనలో తాను అడుగుచునే యుండెను.

"ఆ రోజు పెద్దాళ్ళు అడిగితే మాట్లాడలేదేం?"

ఆదెమ్మ ఆమెవైపు వింతగా చూచెను.

"నువ్వు పలుకుతావనుకున్నాను. ఎప్పుడూ నువ్వే కదా పలికేదానివి."

తాను ఏ మౌనమును ఇన్నియేండ్లు అవమానమని మోసినదో ఆ మౌనము మగ్గముపై తాను కోరి నేర్పినదే యని మాణిక్యాంబకు ఆ క్షణమున తెలిసెను. ఇద్దఱును ఒక్కమాఱే పలుకకూడదని నేర్పినది గాని ఇద్దఱును పలుకకుండిన నేమగునో నేర్పలేదు.

"అచ్చు విప్పు. పద" అని ఆమె తుదకు అనెను.

"మరి మగ్గం?"

"మగ్గం సముద్రాన్నే తీసుకోనీ. శాలలో నా కుడిపక్క ఖాళీగానే ఉంది. ఎవత్తె కూచున్నా వాగుతుంది."

కొసలు తెగకుండ అచ్చును విప్పి తీయుటకు సాయంత్రమయ్యెను. వెడల్పైన అచ్చు గావున ఒకరివలన మోయబడదు. ఎడమకొన మాణిక్యాంబయు కుడికొన ఆదెమ్మయు పట్టుకొని వీథివెంట పడమటికి నడచిరి. నడుమ పావురాయిమెడవన్నె కొసలు గాలికి ఊగుచుండెను. ఎదురైన వారు ప్రక్కకు తొలగిరి.

మఱునాడు మాణిక్యాంబ తన మగ్గముపై సగము నేసియున్న అంగవస్త్రమును కోసివేసి ఆ అచ్చును అమర్చెను. ఆదెమ్మ ఆ తిరస్కృతమైన చీరనే కట్టుకొని వచ్చెను. పసుపు కొసలను కత్తిరింపక లోపలిచెఱగున దోపుకొనెను. ఆమెను చూచి శాలలోని పడుచులు నాడెలు నిలిపిరి; మాణిక్యాంబ ఒక్కచూపు చూడగా మరల నడపిరి. ఇరువురును అచ్చు రెండుకొనల కూర్చుండి తెల్లని క్రొత్తపడుగును ఒక్కొక్కపోగుగా మెలివెట్టుచు మధ్యకు జరుగుచు వచ్చిరి. ప్రొద్దువాలునప్పటికి వారి చేతులు నడిమిపోగువద్ద కలిసెను.

నేత మొదలిడునప్పుడు ఎడమప్రక్క కూర్చుండిన మాణిక్యాంబ నాడెను విసరి పలుకక ఊరకుండెను. ఆదెమ్మ వ్రేళ్ళు పోగులపై నిలిపి ఎదురుచూచెను.

"ఈసారి నువ్వు పలుకు" అని మాణిక్యాంబ అనెను.

ఆదెమ్మ గొంతు సవరించుకొనెను. పిమ్మట ప్రక్కవారికి మాత్రము వినబడునంత మెల్లగా ఆమె పలికెను.

"రెండెత్తు. ఒకటొదులు."

మాణిక్యాంబ వ్రేళ్ళు ఆ పలుకు ననుసరించి రెండెత్తి ఒకటి విడిచెను. ప్రక్కవారి యంతరంగము తమకు తెలియునని తలచి మాట దాచుకొనువారు ఎంతకాల మొకేమగ్గముపై కూర్చుండినను విడివిడిగా నేసినవారే. ఆ తెల్లచీర మొదటి ఆకు కొసకు వచ్చినప్పుడు ఎడమసగమున అది ఎప్పటివలెనే కుడికి వాలెను. దానిక్రింద జానెడు పొడవున పావురాయిమెడవన్నె కొసలు తెగక వ్రేలాడుచుండెను.